వెనకాల వచ్చిన మనిషి

1930 ఆగస్టు 4

కమిటీ మీటింగు అయిపోయింది. తలనొప్పి మిగిలింది.

మన రోమన్ మహాకవి పుట్టి ఈ అక్టోబరుకి రెండు వేల ఏళ్ళట. ఆయన మాంటువా పక్కన పుట్టాడు కనక, ఈ చుట్టుపక్కల ప్రతి ఊరూ తన సందులోనే పుట్టినట్టు హడావిడి పడుతోంది. ఈ ఊరు టౌన్ హాలు గోడ మీద బొమ్మ వేయించుకుంటోంది. ఆ బొమ్మ వెయ్యడానికి మాంటువా నుంచి నన్ను పిలిపించారు. ఇరవై ఏళ్ళుగా స్కూల్లో పిల్లల చేత కూజాలూ ద్రాక్షగుత్తులూ గీయిస్తున్నవాణ్ణి. ఇంత గోడ నా చేతికి ఎప్పుడూ రాలేదు. అందుకే నోరు మూసుకుని కూర్చున్నాను.

కమిటీలో ఒక్కడూ ఆయన రాసిన ట్రాయ్ కావ్యం చదివిన పాపాన పోలేదు. మందుల షాపాయనకి శత్రువులు దాక్కున్న చెక్కగుర్రం కావాలి. మరొకాయనకి యుద్ధం కావాలి, అందులో జెండాలు కావాలి. నాయకుడు వదిలిపోతే చితెక్కి కత్తితో పొడుచుకునే రాణిని నేను ప్రస్తావిస్తే చర్చి ఫాదర్ గారు ఆత్మహత్యని గోడకెక్కిస్తారా అన్నారు. ఆయన అసలు బాధ రాణి గారి బట్టల గురించి.

చివరికి మేయర్ ఫుల్జెన్సియో తేల్చాడు. ఈయన్ని ఎవరూ ఎన్నుకోలేదు, పైనుంచి దింపారు. ధాన్యం వ్యాపారి. పార్టీ వాళ్ళ నల్లచొక్కా వేసుకుని పుట్టినట్టు మాట్లాడతాడు కానీ పొట్ట దగ్గర బొత్తాలు మొరాయిస్తుంటాయి. ట్రాయ్ పట్టణం తగలబడుతుంటే రోమన్ జాతి మూలపురుషుడు ముసలి తండ్రిని మోసుకుని బయటపడే ఘట్టం వెయ్యమన్నాడు. పితృభక్తి, జాతిభక్తి, రెండూ ఒకే గోడలో వచ్చేస్తాయన్నాడు. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

ఆగస్టు 6

తండ్రిని మోసే కొడుకు బొమ్మలు నేను చూసినన్ని ఈ జిల్లాలో ఎవడూ చూసి ఉండడు. ఒక్కటీ బాగుండదు.

పాత మట్టికూజాల మీద ముసలాయన ఉయ్యాల్లో కూర్చున్నట్టుంటాడు. పోపు గారి భవనంలో గోడ మీద ఒక కుర్రాడు ముసలాణ్ణి వీపున వేసుకుని తన కండలు చూపించుకుంటున్నాడు. ముసలాడు ఆ కండల మీద ఆరేసిన కోటు. రోమ్‌లో పాలరాతి శిల్పం ఒకటుంది. అందులో తండ్రి కొడుకు భుజమెక్కి, ఇంటి దేవతల బొమ్మలు పట్టుకుని, బాల్కనీలోంచి ఊరేగింపు చూస్తున్నట్టుంటాడు. ఆ తర్వాత వచ్చిన పైకప్పుల మీద బొమ్మలేసేవాళ్ళైతే అందరి మొహాలూ ఆకాశంలోకి తిప్పేశారు. చుట్టూ ఇళ్ళు తగలబడుతుంటే పైకి చూసేవాడెవడు?

రాణి సంగతి చెప్పక్కర్లేదు. మూడు వందల ఏళ్ళపాటు ప్రతివాడూ ఆవిడ రొమ్ముల మీద చొంగ కార్చాడు. కత్తి జడపిన్నులా గుచ్చుకుని ఉంటుంది. అది చచ్చిపోతున్న మనిషి మొహం కాదు, భోజనం చేసి కునుకు తీస్తున్న మొహం.

అగ్నిపర్వతం కింద పూడిపోయిన ఊళ్ళో మాత్రం ఎవడో ఈ తండ్రీకొడుకుల్ని కుక్కమూతుల కోతులుగా గీసి పెట్టాడు. నా లెక్కలో అందరిలోకీ నిజాయితీపరుడు వాడే.

వీళ్ళందరికీ తెలియనిది ఒక్కటి, బరువు. తండ్రి బరువుంటాడు. నేను బరువు గీస్తాను.

కావ్యంలో ఆ కొడుకు భార్య కూడా ఉంది. వెనకాల రమ్మంటాడు. వస్తూ వస్తూ చీకట్లో తప్పిపోతుంది. చిత్రకారులకి ఆవిడ ఎప్పుడూ ఇబ్బందే. అంచున ఎక్కడో ఒక మొహం ఇరికిస్తారు, లేకపోతే ఎత్తేస్తారు. నేనూ ఎత్తేస్తున్నాను. బొమ్మ కూర్పు చెడుతుంది.

ఆగస్టు 9

గచ్చు పూయడానికి ఇచ్చిన తాపీమేస్త్రీ పేరు ఆదెల్మో. ముప్పై దాటి ఉంటాడు. అడిగితే తప్ప మాట్లాడడు. ఈ ఊళ్ళో ఇంతవరకు నాకు నచ్చిన గుణం అదొక్కటే.

మోడల్‌కి ఎవరూ దొరక్క, మీ నాన్న ఉన్నాడా అని అడిగాను. మధ్యాహ్నం వెంటబెట్టుకొచ్చాడు. జెలిందో అట. చెక్కచెప్పులు, ఒక కాలు ఈడ్చి నడక. నన్ను పైనుంచి కిందికి చూసి, ఎందుకు మాస్టారూ ఈ ముసలి మొహం అన్నాడు. ట్రాయ్ వాళ్ళకీ ముసలితనం వచ్చేదన్నాను. నవ్వలేదు.

ఎత్తుకో అన్నాను, అంతే. ఎలా ఎత్తుకోవాలో చెప్పబోయేలోపు అయిపోయింది. భుజం మీద కాదు, వీపు మీద. తండ్రి చేతులు రెండూ మెడ చుట్టూ వచ్చాయి. కొడుకు ఆ మణికట్లు గుండె మీద అడ్డంగా పట్టుకున్నాడు. నడుం వంగింది. చూపు నేల మీదికి దిగింది. ముందు కాలితో తడిమి, తర్వాత బరువు వేశాడు. చదునుగా ఉన్న గదిలో మెట్లు దిగుతున్నట్టు నడిచాడు.

ముసలాయన తల వెనక్కి తిప్పుకున్నాడు. ముందుకు చూడమన్నాను. చూశాడు. నేను బొగ్గు మార్చుకునేలోపు తల మళ్ళీ వెనక్కి తిరిగింది. మళ్ళీ చెప్పాను, మళ్ళీ అదే. సరే, అలాగే గీశాను. మెడ నరం అద్భుతంగా వచ్చింది.

ఆగస్టు 10

స్కెచ్ మళ్ళీ చూశాను. పోపు గారి గోడ మీది కుర్రాడు వెళ్ళి కసరత్తు చేసుకోవచ్చు.

సెప్టెంబరు 2

పని మొదలైంది. ఈ గోడ పని పైనుంచి కిందికే. పొద్దున్నే ఆదెల్మో ఆ రోజుకి చాలినంత పచ్చిగచ్చు పూస్తాడు. గీతల వెంట సూదితో పొడిచిన బొమ్మ కాగితం ఆనించి బొగ్గుపొడి కొడతాను. తడి ఆరేలోగా రంగు వెయ్యాలి. పచ్చిగచ్చు తాగిన రంగు గోడ కూలేదాకా ఉంటుంది. ఆరాక వేసింది పైపైన అంటుకుంటుందంతే. ఈ నది గట్టు చెమ్మకి ఎన్నాళ్ళో ఉండదు. అందుకే నా గోడ మీద ఒక్క గీత కూడా పొడిగచ్చు మీద ఉండకూడదని పంతం.

ఇవాళ పొగా, మంటలూ, కూలుతున్న కప్పూ అయ్యాయి. కావ్యంలో తండ్రి చెయ్యి పట్టుకుని నడిచే పిల్లాణ్ణి పొగ చాటున పెట్టేశాను.

నేను అద్దెకు దిగిన ఇంటి యజమానురాలు ఇర్మా గిన్నెలో గుమ్మడికాయ కూరి ఉడికించిన తొర్తెల్లీ పట్టుకొచ్చింది. పైకి చూసింది. సిలువ గుర్తు వేసుకుంది. గిన్నె నాకివ్వకుండానే పట్టుకుని వెళ్ళిపోయింది. ఈ ఊరి ఆడవాళ్ళకి మంట గీసినా భయమే.

సెప్టెంబరు 11

తలలు రెండూ అయ్యాయి. కొడుకు చూపు నేల మీద, తండ్రి చూపు వెనక్కి. జెలిందో మొహం ఉన్నదున్నట్టు వచ్చింది.

పుట్టుకలూ చావులూ రాయించుకోవడానికి వచ్చినవాళ్ళు లోపలికి వచ్చి, గోడ చూసి, నోరు మెదపకుండా నిలబడిపోతున్నారు. ఒకడు టోపీ తీశాడు. ఒక ముసలమ్మ బెంచీ మీద కూర్చుని మధ్యాహ్నందాకా కదల్లేదు. అక్షరం ముక్క రాని జనం. అయినా గొప్ప బొమ్మ ముందు నిలబడితే ఏదో తెలుస్తుంది వాళ్ళకి. ఇంటికొచ్చి గ్లాసు వైను ఎక్కువ తాగాను.

సెప్టెంబరు 12

ఆ మౌనం నా కోసం కాదు.

పొద్దున్న కాఫీ పోస్తూ ఇర్మా అడిగింది, ఇలా గీయమని మీకు ఎవరు చెప్పారని. ఎవరూ చెప్పలేదన్నాను. నమ్మలేదు. తర్వాత కిటికీ మూసి చెప్పింది.

తొమ్మిదేళ్ళ కింద, ఇరవై ఒకటిలో, ఈ వీధి చివర కూలీల సహకార సంఘం భవనం ఉండేది. కింద దుకాణం, పైన జెలిందో వాళ్ళ కాపురం. ఆయన సంఘానికి సెక్రటరీ. ఏప్రిల్‌లో నల్లచొక్కాలు లారీ మీద వచ్చారు. ముందు జెలిందోని మెట్ల మీద కర్రలతో కొట్టి కాలు విరిచారు, తర్వాత దుకాణంలో పెట్రోలు పోశారు. ఆదెల్మో తండ్రిని వీపున వేసుకుని దిగాడు. వెనకాల తల్లి. ‘నువ్వు నడు, నేనొస్తున్నా’ అందట. ఆదెల్మో వీధిలోకి వచ్చి తిరిగి చూస్తే ఆవిడ లేదు. పొగ. మర్నాడు మెట్ల మీద ఒక చెక్కచెప్పు దొరికిందట.

మేయర్ ఫుల్జెన్సియో కూడా అక్కడున్నాడట. పెట్రోలు డబ్బా ముట్టుకోలేదట. ముట్టుకున్నవాళ్ళ కోట్లు మాసిపోకుండా పట్టుకుని నిలబడ్డాడట. ఈయన్ని పూర్తిగా అర్థం చేసుకోవడానికి నాకు ఆ ఒక్క ముక్క చాలు.

నేను బరువు కనిపెట్టాననుకున్నాను. వాళ్ళు చేసి చూపించారు, నేను కాపీ కొట్టాను.

సెప్టెంబరు 13

ఊహించిందే. ఎవడో చెవిలో ఊదాడు, మేయర్ వచ్చాడు. టోపీ తియ్యలేదు.

నిచ్చెన కింద నిలబడి చాలాసేపు చూశాడు. మెడ ఎర్రబడింది కానీ గొంతు తేనెలాగే ఉంది. తండ్రి మొహం ట్రాయ్ వాడిలా లేదట, జీతం పెంచమని వచ్చిన కూలీలా ఉందట. గీకించి వేరే మొహం వెయ్యాలట. ఎవరి మొహం? జేబులోంచి ఫోటో తీశాడు. వాళ్ళ నాన్న. ధాన్యం కొట్టు స్థాపించిన మహానుభావుడు. మైనం రాసి తిప్పిన మీసాలు, కెమెరాలోకి గుడ్లప్పగించి చూపు. మీసాలు మాత్రం ఉంచమన్నాడు.

ఇంకొకటి, కొడుకు నేలచూపులు చూడకూడదట. మూలపురుషుడు తల దించుకోవడం ఈ రోజులకి తగదట. అప్పుడు నాకే తెలియకుండా నోట్లోంచి వచ్చింది.

“కావ్యంలో అలాగే ఉందండి. గాలి కదిలినా భయపడుతూ నడిచాడని కవే రాశాడు.”

మేయర్ ఇరుకున పడ్డాడు. చదవలేదని ఒప్పుకోవాలి, లేకపోతే తలూపాలి.

“ఆ, అవునవును. ఆ భాగం ఉంది,” అన్నాడు.

మూలపురుషుడి చూపు అలా దక్కింది. ముసలాయన మొహానికి ఆ మంత్రం పారలేదు. మీసాలు లేవని కావ్యంలో ఎక్కడా రాసి లేదు కదా.

సెప్టెంబరు 14

కాగితాలు చుట్టేసి మాంటువా ట్రైనెక్కేద్దామనుకున్నాను. నా గోడ మీద ధాన్యం కొట్టు మీసాలా? ఆ ముసలాయన బొమ్మ ఉంటే ఈ ఊరి పెద్దలకి మొహం చెల్లదా? చెల్లకపోనీ, జెలిందో అక్కడే ఉంటాడు, ఊరంతా చూస్తుంది, నేను వీరుణ్ణవుతాను. ఇలా పొద్దున్నంతా నాలో నేనే ఉపన్యాసాలు ఇచ్చుకున్నాను.

మధ్యాహ్నం జెలిందో తనే వచ్చాడు. కాలు ఈడ్చుకుంటూ గోడ దాకా వచ్చి, తన మొహాన్ని చూసుకున్నాడు. మురిసిపోలేదు, బాధపడలేదు.

“గీకెయ్యండి మాస్టారూ,” అన్నాడు. “మీరు పెట్టె సర్దుకుని ట్రైనెక్కుతారు. నా మొహం ఇక్కడుంటే మావాడికి ఈ ఊళ్ళో తాపీ పట్టుకునే పనుండదు. వాడికి ఇద్దరు పిల్లలు.”

చరిత్ర అనీ, సాక్ష్యం అనీ నేనేదో మొదలుపెట్టాను. ఆయన వినిపించుకోలేదు. గోడ కుడివైపు కింది మూల చూస్తున్నాడు. అక్కడ ఇంకా గచ్చు పడలేదు. విరిగిన స్తంభం, దాని కింద మేయర్‌తో సహా కమిటీ వాళ్ళ పేర్లు రావాలి. బొగ్గుతో గుర్తు పెట్టి ఉంచాను.

“వెనకాల ఎవరూ రావటం లేదేంటి?” అని అడిగాడు.

కూర్పు అన్నాను. ఆ మూల నిండితే కంటికి బరువవుతుందన్నాను. సరేనండి అని వెళ్ళిపోయాడు.

ఆగస్టు ఆరున అంతమంది చిత్రకారుల్ని తిట్టినవాణ్ణి, చివరికి వాళ్ళ సాకే చెప్పాను.

సెప్టెంబరు 18

మేయర్ గారి నాన్న గారు గోడెక్కారు.

నిజానికి చెయ్యాల్సిన పద్ధతి వేరు. పాత గచ్చు చెక్కి తీసి, కొత్తది పూసి, తడి మీద వెయ్యాలి. మేయర్‌కి అది చెప్పలేదు. పైన వేస్తే చాలు, పెళుసు గోడని కదిలించకూడదు అన్నాను. మళ్ళీ తలూపాడు. గుడ్డుసొనలో రంగు కలిపి, ఆరిపోయిన జెలిందో మొహం మీద పొడిగా వేశాను. మీసాలు, కనుగుడ్లు, గడ్డం కింద మడత. నా జీవితంలో ఇంత శ్రద్ధగా ఇంత పాడు పని చెయ్యలేదు. పైకి చూస్తే ముసలాయన వెనక్కి చూడ్డం మానేసి, పెళ్ళి ఫోటోలోలా మన వంక చూస్తున్నాడు.

మేయర్ కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు. కోట్లు పట్టుకున్నవాడికీ తండ్రి ఉంటాడు కాబోలు. నాకది చిరాకు కలిగించింది.

ఆదెల్మో కింద సున్నం కలుపుతూ ఒక్కసారి తలెత్తి చూశాడు. పొడి మీద వేశానని తెలుసు వాడికి. మళ్ళీ సున్నం కలపసాగాడు.

సెప్టెంబరు 23

ఇవాళ్టితో గోడ అయిపోతుంది. మిగిలింది కుడి కింది మూల.

పొద్దున్నే ఆదెల్మోతో స్తంభం లేదన్నాను. పేర్లు ఇంకా కిందికి, అంచు పట్టీ మీదికి పోతాయన్నాను. ఆ మూల వెనకాల వస్తున్న మనిషిని వేస్తున్నాను అన్నాను. ఎంత మేర పూయాలో బొగ్గుతో గీసి చూపించాను.

వాడు ఆ గీత వంక చూశాడు. తాపీ గచ్చులో దించి, మళ్ళీ తీశాడు.

“ఇది చాలదండి,” అన్నాడు. “మా అమ్మ కాస్త ఒడ్డూ పొడుగూ మనిషి.”

గీత దాటి ఇంతెత్తున పూశాడు. పూసి నునుపు చేసి, ఇంటికి వెళ్ళకుండా మూలన బక్కెట్ బోర్లించి కూర్చున్నాడు. నేనేమీ అడక్కుండానే ఒక్కొక్కటీ చెప్పాడు. తలగుడ్డ ముడి వెనక కాదు, గడ్డం కింద. ఎడమ చేత్తో పావడా ఎత్తి పట్టుకుంటుంది. కంగారుగా ఉండదు, విసుగ్గా ఉంటుంది. మొగుడూ కొడుకూ మెట్ల మీద దారి ఆపేస్తుంటే ఉండే విసుగు. మొహానికి ఫోటో లేదు. కాలిపోయింది.

ఒక కాలికి చెక్కచెప్పు వేశాను. రెండో కాలు ఖాళీగా వదిలాను.

తడి ఆరేసరికి పొద్దు వాలింది. వాడు లేచి, బక్కెట్ కడుక్కుని, వస్తానండి అని వెళ్ళాడు. మెడ నరం, కండ, బరువు, ఇవన్నీ నా చేత్తో గీసిన ఈ గోడలో నాకిప్పుడు ఆ మూల తప్ప ఏదీ నచ్చడం లేదు.

సెప్టెంబరు 24

పేర్లు రాశాను. మేయర్, కమిటీ, అందరివీ. బంగారు రంగులో. పొడిగచ్చు మీద.

అక్టోబరు 15

పండగ. బ్యాండు. జిల్లా అధికారి భార్యాసమేతంగా వచ్చాడు. గంటసేపు ఉపన్యాసాలు, కావ్యం పేరు చెప్పి కావ్యంలో లేనివన్నీ.

తెర తీశారు. చప్పట్లు. మేయర్ వాళ్ళ నాన్న గారికి ఎక్కువ చప్పట్లు. అప్పుడు మేయర్ చూపు కింది మూలకి దిగింది. ఆయన ఆ మూల చూడ్డం అదే మొదటిసారి, ఎందుకంటే ఇంతవరకు నాన్న గారు తప్ప ఆయనకేమీ కనపడలేదు. ఆవిణ్ణి గుర్తుపట్టాడు. మొహంలో రక్తం లేదు. హాల్లో వెనకాల నిలబడ్డ జనం కూడా గుర్తుపట్టారు. మళ్ళీ అదే మౌనం.

నా దగ్గరికి వచ్చి, ఎవరది అని పళ్ళ మధ్యనుంచి అడిగాడు.

“మూలపురుషుడి భార్య అండి. కావ్యంలో ఉంది,” అన్నాను. జిల్లా అధికారికి వినపడేలా అన్నాను.

అధికారి నిజంగానే చదివినవాడు, ఎక్కడో చిన్నప్పుడు స్కూల్లో. అవును, అందరూ ఆవిణ్ణి మర్చిపోతారు, భలే పట్టుకున్నారు అని మేయర్ చెయ్యి పట్టుకుని ఊపాడు. మేయర్ ఏం చేస్తాడు? అది తన ఆలోచనే అన్నాడు. అధికారి భార్య, ఒక కాలికి చెప్పు లేదేమని అడిగింది. పరుగులో జారిపోయిందన్నాను. పాపం అంది.

ఆదెల్మో తలుపు దగ్గర నిలబడ్డాడు. జెలిందోకి పిలుపు లేదు.

రాత్రి ట్రైన్‌కి మాంటువా.

1937 ఏప్రిల్ 20

మేయర్ పిలిపిస్తే వెళ్ళాను. నాన్న గారి మొహం చెమ్మకి రాలిపోతోంది, సరిచెయ్యమన్నాడు. ఈ గోడకి మందు లేదన్నాను. బంగారు పేర్లు ఎప్పుడో పోయాయి. ముక్కూ, సగం మీసం, ఎడమ చెంపా రాలాయి. చెంప కింద నుంచి జెలిందో కన్ను బయటపడింది. కుడి మూల వంకే చూస్తోంది.

జెలిందో కిందటి శీతాకాలం పోయాడట. ఆదెల్మోకి పని ఉంది.

ఆవిడ చెప్పు లేని కాలు నల్లబడి ఉంది. పుట్టుకా చావూ రాయించడానికి వచ్చినవాళ్ళు చర్చిలో విగ్రహాల పాదాలు తాకినట్టు ఆ కాలు తాకి వెళ్తున్నారట. మేయర్ కడగమన్నాడని గుమాస్తా చెప్పాడు. కడిగితే చేతుల మురికి పోయిందట, మర్నాటికి మళ్ళీ వచ్చిందట.

ఆవిడ పేరు నేను ఇంతవరకు అడగలేదు. ఇవాళ అడిగాను. గుమాస్తా వెళ్ళి తలుపు వేసి వచ్చి చెప్పాడు.

ఎర్మెలిందా.